శాంటియాగోకి నాలుగు దారులు

ఆ ఊరికి వెళ్లడానికి నాలుగు దారులున్నాయట. విమానం, బస్సు, కారు, రైలు. మా అమ్మాయి ఫోన్లో చూసి చదివి వినిపించింది. ఊరి పేరు శాంటియాగో. కరేబియన్ సముద్రంలో క్యూబా అనే దీవి ఉంది కదా, దానికి తూర్పు కొసన ఉంటుంది. పాత కోట, రంగురంగుల ఇళ్లు, మెట్లు మెట్లుగా దిగే వీధులు, తప్పక చూడవలసిన చారిత్రక నగరం అని రాశారు. రాసినవాళ్ల మీద ఎంత మండిపోయానో చెప్పలేను. నాలుగు దారుల్లో ఏది త్వరగా చేరుస్తుందో ఒక్కరూ నిక్కచ్చిగా చెప్పరు. "ప్రయాణాన్ని ఆస్వాదించండి" అని మాత్రం ప్రతివాళ్లూ రాశారు. ఏం ఆస్వాదిస్తాం, మా మొహం! మా ఆయన ఆ ఊరి ఆస్పత్రిలో పడి ఉన్నారు.

మా ఆయనది ఓడ ఉద్యోగం. పుట్టింది మాత్రం ఇక్కడే, భిలాయిలో, క్యాంప్ 1 అనే కూలీల బస్తీ ఇరుకు సందుల్లో. మా మామగారు ఉక్కు కర్మాగారం కట్టే రోజుల్లో శ్రీకాకుళం నుంచి కూలికి వచ్చి, ప్లాంటులోనే పర్మనెంటు అయ్యారు. కొడుకు వంతు వచ్చేసరికి కాంట్రాక్టు పని తప్ప ఏదీ మిగల్లేదు. సొంతూరి కుర్రాళ్లు కొందరు ఓడల్లో పనిచేస్తుంటే వాళ్లని పట్టుకుని ఈయనా ఎక్కేశారు. ఇంజను గదిలో నూనె పోసే పని. సముద్రం ఎలా ఉంటుందని పెళ్లైన కొత్తలో అడిగితే, "నాకేటి తెలుసు, నానుండేది ఇంజను గదిలో. మన ప్లాంటు ఫర్నేసు కాడున్నట్టే ఉంటాది" అన్నారు. ఏడాదిలో ఎక్కువ భాగం నీళ్ల మీదే. భిలాయిలోనే వైశాలి నగర్‌లో ఇల్లు కట్టుకున్నాక కూడా ఆ ఇంట్లో ఆయన ఉన్నది తక్కువ, నేను ఎదురుచూసింది ఎక్కువ.

నా పుట్టిల్లు చరోదా, భిలాయి పక్కనే రైల్వే యార్డున్న ఊరు. పక్కా రైల్వే కుటుంబం. నాన్న గూడ్సు బండి గార్డు, ఆయన తర్వాత అన్నయ్యా గార్డే. యార్డులో బండ్లు గుద్దుకునే చప్పుడు వినబడకపోతే మాకు నిద్ర పట్టేది కాదు. మా ఇంట్లో బస్సెక్కడం అంటే చెయ్యకూడని పని చేసినట్టే. "బస్సుకి జవాబుదారీ ఎవడ్రా? బండికైతే గార్డుంటాడు" అనేవాడు నాన్న. ఇంటికి చుట్టం వస్తే మేము మొదట అడిగేది 'బాగున్నారా' అని కాదు, 'బండి ఎంత లేటు?' అని. ఆ జవాబు చెప్పాక చేతికి మంచినీళ్ల గ్లాసు. ఆ తర్వాతే మిగతా ఊసులు. మా రైల్వే క్వార్టర్ల లైన్లో తెలుగిళ్లన్నీ అంతే, హిందువులైనా కిరస్తానీలైనా. వదిన వాళ్లది చర్చికి వెళ్లే కుటుంబం. వాళ్లింట్లో పాస్టరుగారిని కూడా ముందు అదే అడిగేవారు.

మేం చదివింది హిందీ బడిలో, నాకు తెలుగు అక్షరాలు ఇంట్లో నాన్నే దిద్దబెట్టాడు. అన్నయ్య పలక చూస్తే పారిపోయేవాడు. మాటలాడటం మాత్రం నాకంటే చిక్కటి తెలుగు మాటలాడతాడు.

మా పెళ్లికి మగపెళ్లివారు క్యాంప్ 1 నుంచి చరోదా రావాలి. ఎంత దూరమని? టెంపో ఎక్కి నాలుగు కబుర్లు చెప్పుకునేలోపు దిగిపోవచ్చు. నాన్న వింటేనా! పెళ్లికొడుకు రైల్లోనే రావాలని భీష్మించుకు కూర్చున్నాడు. పాపం వాళ్లు బ్యాండు మేళంతో సహా పవర్ హౌస్ స్టేషన్లో లోకల్ ఎక్కారు. అది కాస్తా తోవలో సిగ్నలు లేక నిలబడిపోయింది. ఇక్కడ ముహూర్తం దాటిపోతోందని పంతులుగారి గోల. చివరికి బండి వచ్చి, పెళ్లికొడుకు బాసికం చేత్తో పట్టుకుని చెమటలు కక్కుతూ దిగితే, నాన్న దండ వెయ్యడం మానేసి "బండి ఎంత లేటు బాబూ?" అన్నాడు. ఆయన ఓ క్షణం తెల్లమొహం వేసి, "మీ బండే కదా మావయ్యా, మీరే సెప్పాల" అన్నారు. ప్లాట్‌ఫారం అంతా ఒకటే నవ్వులు.

అప్పటినుంచి మా ఆయనకి అదొక ఆట. ఓడ దిగి ఎప్పుడు ఇంటికొచ్చినా, నేను అడక్కముందే గేటు దగ్గర్నించే కేక. "ఒలే, బండి రెండు గంటలు లేటే! నీల్లియ్యి!" రాయపూర్‌లో విమానం దిగి కారులో వచ్చినా అదే కేక. వీధి వీధంతా వినేది. నేను పైకి విసుక్కునేదాన్ని గానీ, ఆ కేక కోసం ప్రాణం పెట్టుకుని ఉండేదాన్ని.

ఈసారి కేక బదులు ఫోన్ వచ్చింది. ఓడ కంపెనీ ముంబై ఆఫీసు నుంచి. కడుపులో పేగు పగిలిందని, దగ్గర్లో ఉన్న రేవులో దింపి ఆపరేషన్ చేయించారని, విషం ఒంట్లోకి పాకిందని చెప్పారు. ఓడ ఆయన్ని అక్కడ వదిలేసి తన దారిన తాను వెళ్లిపోయిందట. వెళ్లక ఏం చేస్తుంది, దానికేం పెళ్లామా, పిల్లలా! భార్యనీ, తోడుగా ఒక మనిషినీ పంపిస్తామన్నారు. "తొందరగా బయల్దేరండి" అని ఆ మనిషి రెండుసార్లు అన్నాడు. రెండోసారి అనేటప్పుడు అతని గొంతు మారింది.

నాకు పాస్‌పోర్టు ఉంది. ఒక్కసారైనా నిన్ను ఓడ ఎక్కిస్తానని ఆయనే తీయించారు. అన్నయ్యకీ ఉంది. వదిన జెరూసలేం చూడాలని ముచ్చటపడి ఇద్దరికీ తీయించింది, ఆ ప్రయాణం పడలేదు. అమ్మాయి పుణెలో ఉద్యోగం, దానికి పాస్‌పోర్టే లేదు. అలా నేనూ అన్నయ్యా బయల్దేరాం. వదిన జంతికలూ అటుకులూ మూటకట్టింది. అన్నయ్య గార్డు ఉద్యోగంలో మోసిన పాత సంచీయే భుజాన వేసుకున్నాడు.

విమానాలు మారి మారి హవానాలో దిగాం. అది క్యూబా రాజధాని. మేం వెళ్లాల్సిన శాంటియాగో దీవికి ఆ చివరన. కంపెనీ తరఫున ఒక పెద్దావిడ వచ్చింది. ఇంగ్లిషు వచ్చు. నేను నర్సరీ బడిలో చెప్పే ఇంగ్లిషుతో నెట్టుకొచ్చాను. ఇక్కడ్నించి విమానం ఉంది గానీ ఆయిలు కరువై ఆగిపోయింది, ఎప్పుడు ఎగురుతుందో తెలీదంది. బస్సులో సీట్లు ఎప్పుడో నిండిపోయాయంది. ఒక కారు ఉంది, పాతకాలం పెద్ద కారు, నలుగురైదుగురు కలిసి వెళ్తారు, ఈ సాయంత్రమే బయల్దేరి రేపటికల్లా చేరుస్తుందంది. రైలు మాత్రం రేపు సాయంత్రం, ఎల్లుండి పొద్దున్నకి దిగుతారు అంది. చెప్పి, తన మాటగా "కారులో వెళ్లండి" అంది.

అన్నయ్యకి నేను అన్నీ విడమరిచి చెప్పాను. రైలు అనగానే అతని మొహంలోకి ప్రాణం వచ్చింది. విమానాల్లో బెదురు చూపులు చూసిన మనిషి, ఒక్కసారిగా గార్డు అయిపోయాడు.

"కారేటమ్మా? ముక్కూ మొకం తెల్నోడి కారు! రాత్రంతా రోడ్డు. తోవలో సక్రం ఊడితే ఏటి సేస్తాం? బాస రాదు. నిన్నెట్టుకుని ఆ సీకట్లో ఎవుల్ని అడగను? బండికైతే గార్డుంటాడు. ఓ గంట లేటైనా సేరుస్తాది."

అమ్మాయికి ఫోన్ చేశాం. దానికి కంగారు వస్తే తెలుగు పోయి హిందీ వస్తుంది. "మామా, గాడీ లే లో! ట్రేన్ కా భరోసా నహీ హై, సబ్ యహీ లిఖ్ రహే హైఁ" అని అరిచింది. కారే ఎక్కండి, ఆ రైలుని నమ్ముకోవద్దని అందరూ రాస్తున్నారని.

"ఫోన్లో రాసినోలు బండి నడిపేరేటి?" అన్నాడు అన్నయ్య.

నేను ఊరుకున్నాను. అతని గొంతులో నాన్న గొంతు వినబడింది. అమ్మ చావుబతుకుల్లో ఉన్నప్పుడు కూడా మమ్మల్ని రైల్లోనే విశాఖపట్నం చేర్చాడు నాన్న, చేర్చి అమ్మని బతికించుకున్నాడు. పెద్దావిడ ఒకసారి నా మొహం చూసి, ఆస్పత్రికి ఫోన్ చేసి మేం రైల్లో వస్తున్నామని చెప్పింది. ఆయనతో చెప్పారట. నవ్వారట. ఆ నవ్వు ఎందుకో అక్కడ ఎవరికి తెలుస్తుంది, నాకు తప్ప!

మర్నాడు రైలు చెప్పిన వేళకే కదిలింది. పెట్టెలు శుభ్రంగా ఉన్నాయి. అన్నయ్య కిటికీలోంచి తల బయట పెట్టి వెనక్కి చూసి, చెయ్యి ఊపి, "రైట్ టైమ్!" అన్నాడు చిన్నపిల్లాడిలా. నాకూ ధైర్యం వచ్చింది. జంతికలు తిన్నాం. ఎదురుగా కూర్చున్న ముసలాయనకి పెడితే ఆయన మాకు అరటిపండ్లు పెట్టాడు. ఎల్లుండి కాదు, ఇంక రేపే అనుకుంటూ కునుకు తీశాను.

తెల్లారేసరికి బండి నిలబడి ఉంది. చుట్టూ చెరకు తోటలు. స్టేషన్ లేదు, ఊరు లేదు. అన్నయ్య దిగి ఇంజను దాకా నడిచి వెళ్లొచ్చాడు.

"ఏటైంది అన్నియ్యా?"

"ఏట్లేదమ్మా. సిగ్నలు."

నేనూ దిగి చూశాను. ఇంజను డ్రైవరు కట్ట పక్కన చెట్టు నీడలో టోపీ మొహం మీద పెట్టుకుని పడుకున్నాడు. సిగ్నలు కోసం ఆగిన బండి డ్రైవరు పడుకోడు. రైల్వే ఇంట పుట్టినదానికి ఆమాత్రం తెలీదా! ఇంజను చచ్చింది. ఎక్కడ్నించో ఇంకో ఇంజను రావాలి. అలాంటి బండ్ల మీద అన్నయ్య ఉద్యోగంలో ఎన్ని రోజులు పడిగాపులు కాశాడో, ఇంటికొచ్చి చెప్పేవాడు, మేం నవ్వుతూ వినేవాళ్లం.

చెరకు తోటల అవతల రోడ్డుంది. దాని మీద ఒకటీ అరా కార్లు పోతున్నాయి. నేను సంచీ తీసి భుజాన వేసుకున్నాను. "పద, రోడ్డెక్కుదాం. ఎవడో ఒకడు ఎక్కించుకుంటాడు" అన్నాను.

"నడిమధ్యన బండి వొదిలి దిగకూడదమ్మా. మనం దిగేక ఇంజను వచ్చీసిందనుకో? ఇంకో గంట సూద్దాం."

"నీ గంట మండ! అక్కడ ఆయన..." అని అరిచాను. పెట్టెలో అందరూ చూశారు. అన్నయ్య చేతులు జోడించాడు, చెల్లెలికి. సంచీ కింద పెట్టేశాను. ఆ తర్వాత ఇంకో గంట అన్నాడు. అదీ అయింది. ఫోన్లకి సిగ్నలు లేదు. ఎండ నడినెత్తికెక్కి, దిగి, చెరకు నీడలు పట్టాల మీదికి వచ్చాక అప్పుడు కూతపెట్టుకుంటూ వచ్చింది ఇంకో ఇంజను. బండిలో వాళ్లంతా చప్పట్లు కొట్టారు. అన్నయ్య కొట్టలేదు.

చీకటి పడుతుండగా శాంటియాగోలో దిగాం. కోటా చూళ్లేదు, మెట్ల వీధులూ చూళ్లేదు. ఆస్పత్రి వరండాలో డాక్టరు ఎదురొచ్చి తల దించుకున్నాడు. ఆ రోజు పొద్దున్నే పోయారు. కారెక్కి ఉంటే ముందురోజు మధ్యాహ్నానికే ఆయన దగ్గర ఉండేవాళ్లం.

అన్నయ్య వరండాలో బల్ల మీద కూలబడిపోయాడు. నేను ఒక్కదాన్నే లోపలికి వెళ్లాను. మంచం ఖాళీ. కిటికీకి ఆనించి ఉంది. ఆయన్ని చూసుకున్న నర్సమ్మకి కొంచెం ఇంగ్లిషు వచ్చు. ముక్కలు ముక్కలుగా చెప్పింది. మంచం గోడవారగా ఉండేదట. రైలు కూత వినబడాలి, కిటికీ దగ్గరికి జరపండి అని ఆయనే అడిగారట. తలుపు తీసుకుని ఎవరు లోపలికి వచ్చినా "ట్రెయిన్ హౌ మచ్ లేట్?" అని అడిగేవారట. మొదట్లో నవ్వుతూ అడిగేవారట. రాత్రికి నవ్వు పోయిందట, అడగడం మాత్రం మానలేదట. పొద్దున కూడా అడిగితే, వచ్చేస్తోంది అని తనే అబద్ధం చెప్పానని నర్సమ్మ కళ్లు తుడుచుకుంది.

మంచం పక్కన చిన్న బల్ల మీద నీళ్ల సీసా, బోర్లించిన రెండు గ్లాసులు ఉన్నాయి. ఆ గ్లాసులు చూపించి, "మీకే. ఆయన పెట్టించాడు" అంది.

ఆ నీళ్లు చూసి నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. ఏడుపు రాలేదు. కోపం మాత్రం ముంచుకొచ్చింది. మా ఆయన మీద, అన్నయ్య మీద, పోయిన నాన్న మీద, ప్రపంచంలో ఉన్న ఇనప పట్టాలన్నిటి మీదా. అంతలో అన్నయ్య గోడలు పట్టుకుంటూ లోపలికి వచ్చాడు. ఖాళీ మంచం చూసి "బావా" అని ఒక్క కేక వేసి కింద కూర్చుండిపోయాడు. నర్సమ్మ గబగబా ఆ సీసాలోంచే ఒక గ్లాసుడు నీళ్లు పోసి అతని నోటికి అందించింది. అన్నయ్య గటగటా తాగేశాడు. అవి ఏం నీళ్లో అతనికి తెలీదు. నేను చెప్పలేదు. నా గ్లాసు నేను ముట్టుకోలేకపోయాను.

అక్కడే దహనం చేయించాం. తిరుగు ప్రయాణానికి, ఎవరూ అడక్కముందే అన్నయ్య "కారు పిలవమను" అన్నాడు. పాతకాలం పెద్ద కారే. అస్థికలు ఒళ్లో పెట్టుకుని అన్నయ్య ముందు కూర్చున్నాడు. ఎక్కడా సక్రం ఊడలేదు. ఎక్కడా ఆగలేదు. ఎవరో తరుముతున్నట్టు ఆ కారు సాఫీగా హవానా చేరిపోయింది. అంతకంటే అది ఎక్కడైనా పాడైపోయి ఉంటే బాగుండేదని దారంతా కోరుకున్నాను. ఆగి ఉంటే మా ఇద్దరికీ కొంచెం ఊపిరి ఆడేది.

రాజిమ్‌లో మహానదిలో కలిపాం. తర్వాత నేను అన్నయ్యతో మాటలు మానేశాను. తిట్టలేదు, తిడితే బాగుండేదేమో. వదిన ఫోన్ చేస్తే మాటలాడేదాన్ని, వెనకాల అతని దగ్గు వినబడితే పెట్టేసేదాన్ని. నర్సమ్మ చెప్పిన మాట నా నాలిక చివరే ఉండేది. ఒక్కసారి అనేస్తే చాలు, అన్నయ్య ఇంక లేవడు. అది నాకు తెలుసు. కొన్ని రోజులు అనేద్దామనే అనిపించేది.

సంవత్సరీకానికి అందరూ వచ్చారు. వానరోజు. వదిన ముందే వచ్చి వంటలో ఉంది. అన్నయ్య మాత్రం ఆలస్యంగా వచ్చాడు. గేటు దగ్గర తడుస్తూ నిలబడ్డాడు, లోపలికి రాడు. ఏడాదిలో పదేళ్లు మీద పడ్డ మనిషిలా ఉన్నాడు. నేనే వెళ్లాను. బుద్ధెరిగినప్పట్నించీ వచ్చిన ప్రతివాళ్లనీ అడిగే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అది చూశాడు అన్నయ్య.

"ఆటోలో వచ్చేనమ్మా" అన్నాడు. "బండెక్కడం మానీసేను."

తువ్వాలు ఇచ్చాను. తల తుడుచుకుంటూ, నా మొహం చూడకుండా, ఏడాదంతా గొంతులో దాచుకున్నది అడిగేశాడు.

"బావ ఆఖర్న ఏటైనా అన్నాడా? నన్ను తిట్టేడా? ఆ నర్సమ్మ నీకేదో సెప్పడం సూసేను. బండి కోసం ఎదురు సూసేడా అమ్మా?"

ఇదిగో, సమయం వచ్చింది అనుకున్నాను. మాట నాలిక మీద సిద్ధంగా ఉంది. తువ్వాలు పట్టుకున్న అతని చెయ్యి తుడిచిన తలనే మళ్లీ మళ్లీ తుడుస్తోంది. జీవితమంతా ఆకుపచ్చ జెండా ఊపిన చెయ్యి.

"లేదన్నియ్యా" అన్నాను. "మనం హవానాలో దిగిన రోజే తెలివి తప్పిపోయింది. మనం వస్తున్నట్టు కూడా ఆయనకి తెలీదు. కారులో వెళ్లినా అంతే."

అన్నయ్య తువ్వాలు మడిచి నా చేతికిచ్చాడు. తర్వాత పెద్దగా ఊపిరి వదిలి, "పోన్లే" అన్నాడు. "ఎదురు సూళ్లేదు కదా. పోన్లే తల్లీ."

లోపలికి వచ్చాక మంచినీళ్లు ఇచ్చాను. తాగాడు. ఆ రోజు అన్నం కూడా తిన్నాడు, ఏడాదిలో మొదటిసారి కడుపునిండా తిన్నాడని వదిన చెప్పింది.

నాకు మాత్రం ఈ మాట ఎక్కడో ఒకచోట దించుకోవాలి, లేకపోతే బతకలేను. అమ్మాయికి తెలుగు అక్షరాలు రావు. అన్నయ్యకీ రావు. అందుకే ఇదంతా తెలుగులో రాసుకున్నాను.